తక్కువ ఈథర్‌తో ఎగిరిన విమానం

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ మనోరమ గారికి, వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, ఇంత ఎండలో మేడ్చల్ దాకా వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. బాలాత్రిపురసుందరి అనే నా పొడుగు పేరును ఇన్నేళ్లూ 'కెమిస్ట్రీ మేడమ్' అని కురచ చేసి మీరంతా పుణ్యం కట్టుకున్నారు. (నవ్వులు)

ఇంతవరకూ అందరూ నా పాఠాల గురించి చెప్పారు. సంతోషం. నేను మాత్రం మూడో వరసలో కూర్చున్న విక్టర్ గారి గురించి, ఆయన భార్య సారమ్మ గారి గురించి చెబుతాను. సారమ్మ గారూ, లేచి వెళ్లకండి, మీ వంతు కూడా ఉంది.

విక్టర్ గారు జీడిమెట్లలో ఇనుప భాగాలు చెక్కే లేత్ మిషను మీద పని చేసేవారు. సెలవు రోజుల్లో చిన్న బొమ్మ విమానాలు ఎగరేస్తారు. తీగలు కట్టి, పిడి పట్టుకుని, మన చుట్టూ తిప్పే రకం. అరచేతిలో పట్టే ఆ డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ ఉండదు. లోపల నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకోవాలి. అందుకని కిరోసిన్, ఆముదంతో పాటు ఈథర్ కలుపుతారు. ఇంజనులో ఎంత తేలిగ్గా అంటుకుంటుందో, ఇంట్లోనూ అంతే. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి వెనక గదిలో ఆయన కలుపుతుంటే, ఆ ఈథర్ ఆవిరి నేల మీద పాకి వంటింటి పొయ్యిని చేరింది. మంట వెనక్కి ఎగబాకి ఆయన కుడి చేయి కాలింది.

"ఇగ నా ఇంట్ల గా సీసా కనవడొద్దు. నీకు ఇమానం కావాల్నా, నేను కావాల్నా?" అన్నారు సారమ్మ గారు. (నవ్వులు) నవ్వకండి, ఆమె నవ్వుతూ అన్న మాట కాదది.

చేతికి కట్టుతోనే, కెమిస్ట్రీ చెప్పేవాళ్లెవరని అడుగుతూ ఆయన మా ల్యాబుకు వచ్చారు. "మేడమ్, ఈథర్ తక్కువేసినా నడిచే నూనె ఏమన్న ఉంటదా?"

"బ్యాటరీ మోటారు పెట్టుకోవచ్చు కదండీ" అన్నాను.

"పెట్టొచ్చు. గానీ గీ ఇంజన్ నేను జేసిన. గిదే నడవాలె."

ఆ మాటకు నేను దొరికిపోయాను. మా వారు చనిపోయిన ఏడాది అది. సాయంత్రమైతే ఇంటికి వెళ్లాలన్న తొందర లేని మనిషిని.

కలపడం ఆరుబయటే, దగ్గర్లో నిప్పు ఉండకూడదని సారమ్మ గారు షరతు పెట్టారు. శామీర్‌పేట దాటాక ఒక బీడు చూసుకున్నాం. కిరోసిన్ దొరక్క బంకు డీజిల్ పోస్తే పొగ తప్ప ఏమీ రాలేదు. ఈథర్ తగ్గిస్తే ఇంజను దగ్గి ఆగిపోయింది. ఇంజను స్టార్ట్ చేయడానికి చేత్తో తిప్పబోతే ప్రొపెల్లర్ వెనక్కి తన్ని నా వేళ్లు వాచాయి, వారమంతా బోర్డు మీద ఎడమ చేత్తోనే రాశాను. కానుగ నూనెతో చేసిన బయోడీజిల్, ఆముదం, త్వరగా అంటుకునేందుకు మరో రసాయనం కాస్త కలిపి చూశాం. పాళ్లు మారుస్తూ, ఓడిపోతూ, మళ్లీ మారుస్తూ పోయాం. చివరికి ఒక ఏప్రిల్ ఉదయం, మొదట వేసే ఈథర్‌లో సగంతోనే ఇంజను అందుకుంది. ఆగలేదు.

కానీ విక్టర్ గారి కాలిన వేళ్లు పిడిని బిగించి పట్టలేకపోయాయి. ఆయన ముఖం చూడలేక నేను పక్కకు తిరిగాను. "ఇట్ల తే" అని సారమ్మ గారు పిడి అందుకున్నారు. పెళ్లయిన కొత్తలో ఆయనే నేర్పారట!

"సారా, మెల్లగ తిప్పు, జల్దీ వద్దు!"

"నువ్ సప్పుడు జెయ్యకు, నాకు తెల్వదా?"

నూనె అయిపోయేదాకా తిరిగి విమానం గడ్డి మీద వాలింది. ఆమె కళ్లు తిరిగి అక్కడే చతికిలబడి నవ్వుతుంటే, విక్టర్ గారు ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

పని ఇంకా పూర్తి కాలేదు. డిసెంబరు చలికి ఆ ఇంజను ఇప్పటికీ మొరాయిస్తుంది. ఈథర్ పూర్తిగా మానలేకపోయాం. "ఇక విశ్రాంతి తీసుకోండి మేడమ్" అని పొద్దున్నుంచి చాలామంది అన్నారు. తీసుకోను. ఉద్యోగం అయిపోయింది, ఆ ప్రశ్న అయిపోలేదు.

నన్ను భరించిన కాలేజీకి, నా ఒంటరి సాయంత్రాలకు పని పెట్టిన ఆ దంపతులకు కృతజ్ఞతలు. చుక్క ఈథర్ లేకుండా ఇంజను నడిచిన రోజున మీ అందరికీ కబురు చేస్తాను. అది కుదరదని తేలితే, ఎందుకు కుదరదో కూడా వచ్చి చెబుతాను. సెలవు.