ప్రతిపక్షం నోరెత్తని నెల

హలో… ఆ, నేనే వదినె, సృజనను. జెర ఆ కుట్టు మిషన్ ఆపు… ఆపినవా?

వదినె, మామ పానం పోతదేమోనని భయమైతుంది నాకు. అదీ నా వల్ల.

…లేదు, లేదు. దవాఖాన నుంచి ఫోన్ ఏం రాలేదు. నువ్వు పరేషాన్ కాకు. మామ నీ దగ్గరనే ఉన్నడు గదా?

…పండుకున్నడా. ఈ టైముకా.

…ఆ, నిన్న బస్సుల నిలబడే వచ్చిండేమో, అలసి ఉంటడు. సరే, లేపకు. ఆయన లేస్తే నేను నీకేం చెప్పలేను, చెవులు మంచిగ పనిచేస్తయి ఆయనకు. నువ్వు వంటింట్లకు రా. తలుపు దగ్గరికి వెయ్యి.

…ఏడుస్తలేను. పాపకు సర్ది, జ్వరం, ఒళ్ళ పండుకుంది. దాని ముక్కు సప్పుడు అది.

వదినె… మామ గుండె గోళీలు మింగుతలేడు.

…నిన్న మొన్న కాదు. రెండు నెలలు కావస్తుంది. స్టెంట్ వేసినప్పుడు డాక్టర్ ఏమన్నడు, నువ్వు సుత పక్కనే ఉంటివి గదా. అన్నం మానినా ఈ గోళీ మానొద్దు, లోపల రక్తం గడ్డ కడ్తది అన్నడు.

…మింగుతుండని నువ్వెట్ల చెప్తవు?

…రాత్రి నీ ముంగట నోట్లె వేసుకొని నీళ్ళు తాగిండు. అంతే గదా? నా ముంగటా రోజూ గంతే. అవి సోంపు గోళీలు వదినె. తెల్లగ చక్కెర పూత ఉంటది చూడు, హోటళ్ళ బిల్లుతోటి పెడ్తరు, అవి.

…నాకెట్ల తెలుసంటే… చెప్త. షురూ నుంచి చెప్త, లేకుంటే నీకు నేనే పిచ్చిదాని లెక్క కనవడ్త.

మీ తమ్మునికి జీతం రాక ఇది నాలుగో నెల.

…ఆ. నాలుగు. నీకు చెప్పొద్దన్నడు మామ. పెండ్లయి పోయిన బిడ్డకు మన ఇంటి గోస ఎందుకు, అది మిషన్ మీద కూసోని గదే సోంచాయిస్తది అన్నడు.

…డ్యూటీ గదే, సర్కార్ ఆఫీసుల లిఫ్టు నడుపుడు. ఏజెన్సీ ఆయనను అడిగితే సర్కార్ నుంచి బిల్లు రాలేదంటడు. ఆఫీసుల అడిగితే ఫైలు మీదికి పోయిందంటరు. మీద అంటే ఏడికో కాదు, అదే బిల్డింగుల నాలుగో అంతస్తు. ఆ ఫైలు సంకల పెట్టుకొని పోయే మనిషిని మీ తమ్ముడే ఎక్కిస్తడు, మీ తమ్ముడే దింపుతడు.

…నవ్వు. మేము సుత నవ్వినం మొదటి నెల.

…మానేస్తే పాత జీతం ఎవరిస్తరు వదినె? ఒక్కరోజు రాకున్నా పేరు తీసేస్తమన్నరు. డ్యూటీల ఫోన్ గూడ ముట్టనియ్యరు. నేను పొద్దటి నుంచి చేస్తున్న, ఎత్తుతలేడు. ఆయనకు ఈ ముచ్చట ఇంక తెల్వది.

…ఎట్లనంటే… మామ పింఛను ఉంది, నా ఇడ్లీ పిండి ప్యాకెట్లు ఉన్నయి. చెవుల కమ్మలు తాకట్టుల ఉన్నయి. గట్ల.

మా ఇంట్ల అసెంబ్లీ ముచ్చట ఎరికే గదా నీకు?

…ఆ, నెల మొదటి ఐతారం. మామ పెట్టిన అలవాటే. నేను ఆర్థిక మంత్రి. తొమ్మిదిల బడి మానిన మంత్రి. మీ తమ్ముడు గవర్నర్, సంతకం తప్ప పని లేదు. మామ ప్రతిపక్షం. నేను నిలబడి ఖర్చులు చదవాలె, ఆయన లేచి అడ్డం పడాలె. నూనె ధర పెరిగిందంటే, పెరిగేదాక మేడమ్ గారు ఏం చేస్తున్నరు, నిద్రపోతున్నరా అంటడు. చికెన్ అర కిలోనే అంటే వాకౌట్ అని బాల్కనీలకు పోయి నిలబడ్తడు. పొయ్యి మీద కూర ఉడుకంగనె వాపస్ వస్తడు.

…అవు, పాప స్పీకర్. గిన్నె మీద గంటెతోటి కొడ్తది.

జీతం పడని మొదటి నెల పాల ప్యాకెట్ ఒకటి తగ్గించిన. రెండో నెల కమ్మలు పోయినయి, చికెన్ బంద్ అయింది. మూడో నెల ఐతారం… ఇంక ఏం తగ్గియ్యాల్నో నాకు తోచలే. మీ మీ శాఖలల్ల ఏం కోస్తరో మీరే చెప్పుండ్రి అన్న. నవ్వుకుంటనే అన్న వదినె.

మామ లేచిండు. అధ్యక్షా, ఆరోగ్య శాఖ పద్దు మొత్తం తీసెయ్యుండ్రి అన్నడు. మన సందుల ఓంప్రకాశ్ అంకుల్ లేడా, రైల్వేల రిటైరైన ఆయన… ఆ, ఆయననే. ఆయనకు రైల్వే దవాఖాన్ల గోళీలు ఫ్రీగ ఇస్తరట. నావీ ఆయనవీ ఒకటే గోళీలు, ఇంట్ల మస్తు పడి ఉన్నయి, నాకిస్తనన్నడు, అన్నడు మామ.

నేనేం చేసినో తెలుసా? చప్పట్లు కొట్టిన. పాపతోటి సుత కొట్టించిన.

…లేదు, నువ్వు చెప్పు, నువ్వైతే నమ్మవా? మీ నాయిన అబద్ధమాడంగ నువ్వెప్పుడన్న చూసినవా?

…గదే. నేనూ చూడలే.

అదే వారం టీవీల ఒక సార్ మాట్లాడుతుండు. సర్కార్ నడుపుడు అంటే ఇల్లు నడిపినట్టే, ఇల్లాలు ఎట్ల పొదుపు చేస్తదో సర్కార్ గూడ గట్లనే చెయ్యాలె అని. నాకు ఎంత గర్వమైందో వదినె. మీ తమ్మునితోటి అన్న, ఆ సార్‌ను మన ఇంటికి తీస్కరా, నేను నేర్పిస్త అని. జీతం లేని నెల, కిరాయి కట్టినంక గూడ నా దగ్గర పైసలు మిగిలినయి. సర్కార్ చెయ్యలేంది నేను చేసిన అనుకున్న.

…ఆ పైసలు ఏడికి పోయినయంటవా? పాప పుట్టినరోజు కేకుకు పోయినయి. నీకు ఫోటోలు పంపిన గదా, గులాబీ రంగు కేకు, పక్కకు మామ కాగితం టోపీ పెట్టుకొని. గదే కేకు.

…ఊఁ.

…ఇయ్యాల పొద్దున తెలిసింది. కూరగాయల బండి దగ్గర కమలాబాయి ఆంటీ కనవడ్డది, ఓంప్రకాశ్ అంకుల్ భార్య. నేనే పోయి చెయ్యి పట్టుకున్న. మీ ఇంటి గోళీలతోటే మా మామ మంచిగుండు ఆంటీ, మీ మేలు మర్చిపోను అన్న. ఆమె నా మొకం చూసింది. ఏం గోళీలు బేటీ, అన్నది. గుండెవి ఆంటీ, అన్న. మా ఆయనకు మోకాళ్ళ నొప్పులు బేటీ, గుండెకేమైంది, గుర్రం లెక్కుంది అన్నది.

…నా సంచిల నుంచి టమాటాలు కింద పడ్డయి, ఆమెనే ఏరి ఇచ్చింది.

ఇంటికొచ్చి ఆయన గూటిల చూసిన. సోంపు గోళీల పొట్లం, సగం అయిపోయింది. అప్పుడు గుర్తుకొచ్చింది వదినె. పోయిన వారం పాప చెయ్యి చాపితే, మామ రాత్రి గోళీ ఒకటి దాని నోట్లె పెట్టిండు. నేను ఉరికిపోయి వేలు పెట్టి కక్కించిన. పెద్దమనిషివి నీకు తెల్వదా, పసిదానికి గుండె గోళీ ఇస్తవా అని… చాన మాటలన్న. తల దించుకొని కూసున్నడు. నా వేలికి సోంపు వాసనొచ్చింది వదినె. తియ్యగ. గప్పుడన్న తట్టాలె గదా నాకు.

…నన్ను ఊకుంచకు. తిట్టు. తిడితే జెర తక్కువైతది.

…కాదు, నేను చేసింది గదే. నాలుగు నెలల సంది సర్కార్‌ను తిట్టుకుంట కూసున్న. ఫ్లైఓవర్‌కు రంగు లైట్లు పెట్టనీకె పైసలు ఉంటయి, లిఫ్టు నడిపేటోనికి ఉండవా అని. నేనేం చేసిన మరి? పాలాయన గేటు దగ్గర లొల్లి పెడ్తడు, ఆయనకిచ్చిన. ఓనర్ మీదికొస్తడు, ఆయనకిచ్చిన. పాప ఏడుస్తది, కేకు తెచ్చిన. ఎవరు అరవరో చూసి వాళ్ళ దగ్గర కోసిన. సర్కార్ సుత గదే చేస్తుంది. మీ తమ్ముడు అరవడు. ఆయన నాయినా అరవడు.

కానీ ఒక్కటి మాత్రం సర్కార్ లెక్క కాదు. ఫైలు నాలుగో అంతస్తుల నాలుగు నెలలుంటే దానికేమైతది? దుమ్ము వడ్తది. మామకు ఆ గోళీ…

…ఆ. అనను. నువ్వన్నట్టే, అనను.

ఆ ఐతారం చికెన్ ఈ నెల సుత లేదంటే వాకౌట్ చెయ్యలే వదినె. చాయ్ ఒక్క పూటనే అంటే సరే మేడమ్ అన్నడు. ప్రతిపక్షం నోరెత్తకపోతే నాకు అనుమానం రావద్దా? నేనేమో పెద్దాయన ఇల్లు అర్థం చేసుకుంటుండు అనుకున్న.

…నీకేం చెప్పి వచ్చిండు యాప్రాల్‌కు?

…పాప నిద్ర పోనిస్తలేదనా? నాకేమో బిడ్డ మీద మనసు గుంజుతుంది, పది రోజులుండి వస్త అన్నడు. తిండికి ఒక మనిషి తగ్గుతడని వచ్చిండు. ఆయన ఫోన్ పనిచేస్తలేదని నీతోటేమన్నడు?

…ఖరాబు కాలేదు. రీఛార్జి ఆపుకున్నడు. ఇన్‌కమింగ్ సుత బందయింది. అందుకే నీకు చేసిన.

వదినె, ఆయన సంచి ఏడుంది?… మెల్లగ తెరువు. అడుగున చూడు, టవాల్ కింద. గోళీల షీటు ఉందా?

…ఎన్ని ఉన్నయి?

…ఒక్కటి గూడ లేదా. అన్నీ పొక్కలేనా.

ఖాళీ షీటు పట్టుకొని తిరుగుతుండు. ఎవరన్న అడిగితే చూపెట్టనీకె.

…ఏడ్వకు వదినె. నువ్వు ఏడిస్తే నేనేం చెయ్యాలె, పాప లేస్తది. విను. ఐదు గోళీలు కోయించి తెచ్చిన మెడికల్ షాపుల, అవి నా దగ్గరున్నయి. కానీ ఈ జ్వరం పిల్లను ఎత్తుకొని సీతాఫల్‌మండి నుంచి సికింద్రాబాద్ పోయి, ఆడ బస్సు మారి నీ దగ్గరికొచ్చేటాలకు చీకటైతది. మీ కాడ మెడికల్ షాపు దగ్గరనే గదా. షీటు ఫోటో పంపుత, మీ ఆయనను పని నుంచి వచ్చేటప్పుడు తెమ్మను. పైసలు నేను… ఎట్లనన్న ఇస్త.

…అట్లనవద్దు, ఇస్త.

మామను తిట్టకు. నవ్వుకుంట చెప్పు. మంత్రి మేడమ్ కోత వాపస్ తీసుకుంది, ప్రతిపక్షం గెలిచింది అని చెప్పు. గప్పుడు మింగుతడు. మింగినంక నాలిక చూపెట్టమను, పసిపిల్లలకు చూస్తం చూడు, గట్ల. గోళీ తిన్నంక వేసుకోవాలె, ముందుగాల అన్నం పెట్టు.

…ఎందుకు తినలే?

పొద్దున టిఫిన్ సుతనా?… ఎందుకు తినలే వదినె?

…గ్యాసా.

గ్యాస్ అని ఎవరన్నరు, నువ్వా, ఆయననా?

…ఛాతిల మంటనా. నువ్వేం ఇచ్చినవు?… సోడా. తాగినంక తగ్గిందన్నడా?

…గొణిగిండా. ఏమని గొణిగిండు, సమజ్ కాలేదా.

వదినె. అప్పుడు గూడ గ్యాసే అన్నడు.

…స్టెంట్ వేసిన నాడు. గ్యాసే బిడ్డా, జెర నడుము వాలిస్తే పోతది అని మా ఇంట్ల మంచమెక్కిండు. చెమటలు చూసి నేనే లొల్లి చేసిన, ఆటోల వేసుకొని పోయినం. నీకు దవాఖాన్లకు వచ్చినంకనే తెలుసు, మొదలు నీకు తెల్వది. గ్యాస్ అనే అన్నడు వదినె, గిదే మాట.

ఎప్పుడు పండుకున్నడు?

…ఒక్కసారి సుత లేవలేదా. నీళ్ళకు గూడనా.

నేనే లేపకన్న. ఇంతసేపు నేనే మాట్లాడుకుంట కూసున్న, లేకుంటే నువ్వు పోయి చూస్తుంటివి… నేనే తలుపు వెయ్యమన్న.

…లేదు, ఫోన్ పట్టుకొని పోకు. నాకేం చెప్పకు ఇప్పుడు. 108కు చెయ్యాలె, నీకు ఫోన్ ఖాళీ ఉండాలె. పక్కింటోళ్ళను పిలువు.

…పాపా, ఉండు బేటా, ఉండు. అత్తతోటి మాట్లాడుతున్న…

వదినె, నేను పెట్టేస్తున్న. తలుపు తియ్యి. మామను లేపు… జెర పోయి మామను చూడు.