అజ్మత్ భాయ్ లారీ ఎట్ల ఆగింది

ఏంది బిడ్డా పూజితా, పెన్ను గట్ల నములుతున్నవ్? ఏం లెక్కనే అది? జర జోరుగ సదువు, చెవులు సక్కగ ఇనొస్తలెవ్వు. "ఒక లారీ నిలకడ నుంచి బయల్దేరి..." ఆఁ, ఆగాగు. లారీ లెక్కనా? గది నాకెర్కే! నవ్వకు. మూడో తరగతి దాక్నె సదివిన గని, లారీ లెక్క మా అజ్మత్ అలీ భాయ్ దగ్గర నేర్చిన. నువ్వు సూడలే, నువ్వు పుట్టకముందటి ముచ్చట. లావు మనిషి, సన్న గొంతు. ధూల్‌పేట్‌ల నేను చేసిన గణపతులన్ని గాయన లారీలనే పోతుండె. పదేండ్లు ఒక్క గోరు ఇరగలే. పదకొండో ఏడు మేక అడ్డమొచ్చింది. మేకకేం, అది ఎల్లిపోయింది. గాయన బ్రేకు కొట్టిండు, పైన మన గణపతి తొండం రెండు ముక్కలు. ఇగ లొల్లి! ఇరిగిన దేవుణ్ణి ఎవడు నిలబెడ్తడు? "అజ్మత్ లారీల ఇంక దేవుణ్ణి ఎక్కియ్యద్దు" అని గల్లీ గల్లీల అనుడే. మీ నాయినమ్మ ఆండాలు గూడ "వేరే బండి మాట్లాడరాదు?" అన్నది. నేను ఇంటనా? మల్లేడు గాయన ఇంటికే పోయి, "భాయ్, సైదాబాద్‌కు పదునాలుగు ఫీట్ల గణపతి ఉంది, నువ్వే తోలాలె" అన్న. గాయన మొఖంల నెత్తురు లేదు. ఈపారి ఇరిగితె ఇగ లారీ మూలకే.

గాయనకో బిడ్డ, ఫరీహా, నాయినను "అబ్బా" అంటది. నీ లెక్కనే పదో తరగతి. నాయిన నిద్రలేక తిరుగుతుంటె గా పోరి పుస్తకం ముంగటేసి, "అబ్బా, తొండం ఇరిగేది స్పీడ్‌తోని కాదు, స్పీడ్ మారుడుతోని. దాన్ని ఆక్సిలరేషన్ అంటరు" అన్నదట. ఇగ సూస్కో! పొద్దుగాల అజ్మత్ భాయ్ నోట్‌బుక్ పట్కొని నా ఇంటి ముంగట నిలబడ్డడు. "పెంటయ్య భాయ్, హో గయా! సైదాబాద్‌కు ఏడు వేల మీటర్లు. సెకండ్‌కు ఒక్క మీటరు. ఏడు వేల సెకండ్లు. రెండు గంటలకు మూడు నిమిషాలు తక్కువ. ఆక్సిలరేషన్ జీరో!" నాకేం సమజైతది? "అచ్ఛా" అన్న.

బయల్దేరినం. ముంగట ఇద్దరు సీటీలు ఊదుకుంట తొవ్వ ఖాళీ చేస్తున్నరు, క్యాబిన్ల గాయన, పక్కన ఒళ్లె పుస్తకం పెట్టుకొని ఫరీహా, పైన గణపతి పక్కన కరెంటు వైర్లు ఎత్తుకుంట కట్టె పట్కొని నేను. చీమలు ముంగటికెల్లి పోతున్నయ్. గని సెకండ్‌కు ఒక్క మీటరే, తక్కువ లేదు ఎక్కువ లేదు. ఏందే? మలుపు తిరిగితె గూడ ఆక్సిలరేషన్ ఉంటదా? గా ముచ్చట గాయనకు తెల్వకపాయె, మంచిదైంది. తెలిస్తె యాడ తిరగకుంట సీదా పోయి నాగార్జున సాగర్ల నిమజ్జనమే.

సైదాబాద్ల బ్యాండు రెడీ. మండపం పెద్దమనిషి పురుషోత్తం కొబ్బరికాయ పట్కొని నిలబడ్డడు. లారీ వచ్చింది. పురుషోత్తం చెయ్యెత్తిండు. లారీ పోయింది. "అరే, ఆపుండ్రి!" అని ఎనుక ఉరుకుతున్నడు, బ్యాండోల్లు గూడ వాయించుకుంటనే ఎనుక. నేను పైకెల్లి, "భాయ్, ఆపు!" అన్న. లోపట్కెల్లి సన్న గొంతు: "కైసే ఆపాలె భాయ్? ఎంత దూరంకెల్లి ఆపాలె? పోయినేడు లెక్క లేకుంటనే ఆపిన!" ఏమైందంటె, ఆపుడు పాఠం ఫరీహాకు బడిల ఇంక చెప్పలే. పుస్తకంల గది మల్ల పేజీల ఉన్నదట!

గల్లీ చుట్టు తిరిగి మల్ల మండపం కాడికొచ్చినం, మల్ల పోయినం. పురుషోత్తంకు దమ్ము ఆడ్తలేదు. "ఎంత దూరం తిప్పుతరయ్యా?" అంటె ఫరీహా కిటికీలకెల్లి తలకాయ పెట్టి, "దూరం మస్తయింది గని, డిస్‌ప్లేస్‌మెంట్ సున్నా అంకుల్" అన్నది. పురుషోత్తం కొబ్బరికాయ నెత్తికి కొట్టుకుంటడేమో అనుకున్న. గా పోరి రెండు చక్కర్లల్ల పాఠం సదివి, మూడో చక్కర్ల లెక్క తీసింది. "అబ్బా, ఐదు మీటర్ల ముంగట్కెల్లి, పది సెకండ్లు మెల్లెగ బ్రేకు!" బ్యాండు బందైంది. అందరం గట్టిగ లెక్కవెట్టినం, ఒకటి, రెండు, మూడు... పది అనంగనే ఆగింది బిడ్డా. గణపతి మీద పెట్టిన పూవు గూడ కదల్లే. నాకు ఏడ్పొచ్చింది, దాచుడెందుకు.

ఇగ ఒకటే ఎగురుడు, దుంకుడు. గణపతిని దించుటానికి ఇరవై మంది, గంట పట్టింది. అజ్మత్ భాయ్ యాడ అని సూస్తె లారీ దిగనే లేదు. ఇంజన్ ఎప్పుడో బంద్ చేసిండు గని, గంట సంది బ్రేకు మీదనే కాలు. పిక్క గజగజ వణుకుతున్నది. "దించిండ్రా?" అన్నడు. దించినం భాయ్ అన్న. "తొండం?" ఉంది అన్న. అప్పుడు తీసిండు కాలు. తీసి, స్టీరింగ్ మీద తల పెట్టి చిన్న పోరగాని లెక్క ఏడ్సిండు. నేను తలుపు కడ్డం నిలబడ్డ, ఎవ్వలు సూడకుండ. ఇన్నేండ్లల్ల మీ నాయినమ్మకు గూడ చెప్పలే.

...

గా కిటికీ దగ్గరికెయ్ బిడ్డా, దోమలొస్తున్నయ్.