ఇక మన గట్టే

కోడూరు దగ్గర కాలవకి అటూ ఇటూ ఉన్న రెండు పంచాయతీలను కలిపి ఒక్కటి చేసిన రోజు, రెండూళ్ల పాత సర్పంచమ్మలు వంతెన మీద ఎదురుపడ్డారు.

"వదినా, ఇకనైనా మీ ఊరి చెత్త మా గట్టున పోయించడం ఆపుతారా?"

"మీ గట్టేంటండీ, ఇవాళ్టి నుంచి మన గట్టే! మీరు మాత్రం మా వైపు పోయించలేదా?"

"పదేళ్లు పోయించాను. వానొచ్చినా ఒక్క రోజు మానలేదు."

"నవ్వలేక పొట్ట చెక్కలవుతోంది! మీ మీద నేను పెట్టిన ఫిర్యాదులన్నీ పైవాళ్లు ఇప్పుడెవరికి పంపిస్తారో?"

"మనకే."

"మరి రేపటి చెత్త ఎక్కడ పోయిద్దాం?"

"పక్క పంచాయతీ గట్టు ఖాళీగానే ఉందిగా."

"అయ్యో, తప్పు కదా వదినా!"

"తప్పే. అందుకే రెండూళ్ల చెత్త ట్రాక్టర్లూ ఇవాళే పంపిద్దాం. రేపు దాన్ని కూడా మనలో కలిపేస్తే ఏం చేస్తాం?"