మర్యాద తెలిసిన ఏనుగులు

పైన మూడో అంతస్తులో తయారవుతున్న యుద్ధం ఆట ఉందే, అందులో నేను చేసింది పెద్దగా ఏమీ లేదు, ఏదో ఏనుగుల పని చూశానంతే. ఓ టీ ఇవ్వవయ్యా, పంచదార తక్కువ. డబ్బు పెట్టేవాళ్లు ఇంకాసేపట్లో ఆట చూడ్డానికి వస్తున్నారు. నచ్చిందా, ఆఫీసు ఉంటుంది. నచ్చలేదా, రేపట్నించి అందరం రోడ్డు మీదే. మావాళ్లకి పొద్దున్నుంచీ కాళ్లూ చేతులూ ఆడటం లేదు. నాకా? నా ఏనుగులుండగా నాకేం భయం?

“ఏనుగులకి ఏం చేశారు సార్?” టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ అడిగాడు.

చెప్తా విను. అది పాతకాలం రాజుల ఆట. మనం పైనుంచి చూస్తూ కోటలు కట్టాలి, సైన్యాన్ని పెంచాలి, ఎక్కడ నొక్కితే అక్కడికి దండు కదలాలి. అవతలివాడు మన వంతు అయ్యేదాకా ఆగడు, వాడి పని వాడు చేసుకుపోతుంటాడు. మామూలుగా ఇలాంటి ఆటల్లో ఏనుగులు ఒకదాన్నొకటి తోసుకుని గోడల్లో ఇరుక్కుంటాయి. ఛీ, ఇవి ఏనుగులా, బస్సెక్కే జనమా అనుకుని వాటికి మర్యాద నేర్పాను. పక్కన ఇంకోటి కనిపిస్తే ఆగి దారివ్వాలి. అంతే. ఎడం చేత్తో రాసి పారేశా.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాటికి సొంత బుద్ధి పుట్టింది! గుర్రాలకి దారిచ్చాయి. దెబ్బ తగిలినవాణ్ణి తొండంతో లేపి పక్కన కూర్చోబెట్టాయి. మా బాసు చూసి నా చెయ్యి పట్టుకుని బావురుమన్నాడు.

“మీ బాసే?” పక్క కొట్టు టైలరు సూదిలో దారం ఎక్కిస్తూ అడిగాడు.

కర్చీఫ్ ఇచ్చింది నేనేనయ్యా! ఓసారి శత్రురాజు కోట మీదికి తోలాను. బద్దలు కొట్టాయా? లేదు, తలుపు తట్టాయి! ఆ శత్రురాజు కంప్యూటరే కదా, మనిషి కాదు కదా, అయినా బయటికొచ్చి, ఇంత మర్యాదస్తుల్ని నా జన్మలో చూడలేదని తాళాలు తీసి తొండంలో పెట్టాడు. ఏళ్ల తరబడి సాగాల్సిన యుద్ధం, నువ్వు టీ కాచేలోపు సంధి! చరిత్ర చెప్పే పెద్దాయనొకడు అది చూసి, అయ్యా, మేం ఇన్నాళ్లూ తప్పు చెప్పాం, పుస్తకాలు మారుస్తాం అన్నాడు.

“నీ దుంపతెగ!” అన్నాడు టైలరు.

అప్పుడే అయిపోలేదు. ఇంకోరోజు లిఫ్టు ఎక్కానా, బరువు ఎక్కువైందని ఒకటే మోత. ఉన్నది నేనొక్కణ్ణే, చంకలో లాప్‌టాప్. అప్పుడు గుర్తొచ్చింది, ఏనుగులు అందులోనే ఉన్నాయని! ఏం చేస్తాం, అన్నిటినీ దింపి మెట్ల మీదుగా పంపించాను.

“మెట్లెక్కాయా?” టీ కొట్టాయన పాలు పొంగుతున్నా చూడలేదు.

బుద్ధిగా, ఒకదానికొకటి దారిచ్చుకుంటూ! ఆ మర్యాద ఎవరిది? నాది. నేనొక్కణ్ణే రాశా, ఇంకెవరి చెయ్యీ పడలేదు. అదిగో, ఆటలో తప్పులు పట్టే మా ఆఫీసమ్మాయి వస్తోంది, కావాలంటే అడగండి. రామ్మా, చెప్పు వీళ్లకి!

“హమ్మయ్య, నువ్వేనా బాబాయ్! ఆ దారిచ్చే పని చేసిందెవరా అని పొద్దున్నుంచీ వెతుకుతున్నాం. ఎవర్నడిగినా నేను కాదంటున్నారు. కోట గేటు దగ్గర ఏనుగులన్నీ ఆగిపోయాయి. నువ్వు ముందంటే నువ్వు ముందంటూ ఒక్కటీ కదలదు. వెనక సైన్యమంతా ఇరుక్కుపోయింది. డబ్బు పెట్టేవాళ్లు వచ్చి కూర్చున్నారు కూడా. త్వరగా పద, వచ్చి సరిచెయ్యి.”

నేనా? అంటే... పూర్తిగా నేనే అని కాదమ్మా...

“నేనొక్కణ్ణే అన్నావుగా ఇప్పుడే?” అన్నాడు టైలరు.

నువ్వు కుట్టుకోవయ్యా బాబూ! చూడమ్మా, ఆ దారి సంగతి నాకు నిజంగా తెలీదు. తొండాలు నావి కావు. కాళ్లు కూడా వేరేవాళ్లు చేశారు.

“మరి నువ్వేం చేశావు బాబాయ్?”

తోకలమ్మా. అవి ఊపడం వరకే.

“అవైతే బ్రహ్మాండంగా ఊగుతున్నాయి బాబాయ్. వచ్చినవాళ్లు కూర్చున్నప్పట్నించీ అవే చూస్తున్నారు.”