ముగ్గురికీ ఒకే కల

ముందు ఆ చీపురు కింద పెట్టవే. చెప్తానంటున్నానుగా! నలభై రోజులు ఆలస్యమైంది, నిజమే. నేనేమైనా షికారుకెళ్ళానా? ఒంటెలు తోలేవాడి మాట ఎవరు వింటారు చెప్పు?

ఆ ముగ్గురూ పండితులే, కాదనను. ఏ చుక్క ఎప్పుడు పొడుస్తుందో వేళ్ళ మీద లెక్కగట్టి చెప్తారు. కాళ్ళ కింద గుంట మాత్రం కనపడదు. పెద్దాయన మూడుసార్లు పడ్డాడు. మూడుసార్లూ నన్నే తిట్టాడు.

కొత్త చుక్క పొడిచిందట, ఎక్కడో రాజు పుట్టాడట, వెళ్ళి మొక్కాలట. సరే, పదండన్నాను. తీరా ఆ దేశం చేరాక బిడ్డ ఏ ఊళ్ళో ఉన్నాడో తెలీదు! "బావి దగ్గర ఆడవాళ్ళని అడుగుదామయ్యా, ఎవరింట్లో పురుడొచ్చిందో వాళ్ళకి తెలీకుండా ఉంటుందా?" అన్నాను. వింటేగా! తిన్నగా కోటకెళ్ళి, గద్దె మీద కూర్చున్న రాజునే అడిగారు. "కొత్త రాజు పుట్టాడటగా, ఎక్కడండీ?" అని!

నవ్వకు. నాకక్కడ ముచ్చెమటలు పట్టాయి.

ఆ రాజు కోప్పడలేదే, నవ్వాడు. "బిడ్డ కనపడగానే నాకూ చెప్పండి, నేనూ వచ్చి మొక్కుతాను" అన్నాడు. ఎంత వినయమో అని వీళ్ళు మురిసిపోయారు. నేను ఒంటెలకి నీళ్ళు పెడుతుంటే అక్కడి గుర్రాలవాడు చెవిలో ఊదాడు: "మా రాజు నవ్వాడంటే ఎవరికో మూడిందన్నమాటే."

బిడ్డ దొరికాడులే. చిన్న ఇల్లు. ముగ్గురూ సాగిలపడ్డారు. పెద్దాయన్ని మళ్ళీ లేపడానికి నేనే కావాల్సొచ్చింది. బంగారం, సాంబ్రాణి, బోళమనే సుగంధపు బంక అక్కడ పెట్టారు. ఆ తల్లి నన్ను కూడా లోపలికి పిలిచి కూర్చోమంది, తెలుసా? ఒంటెల కంపు కొడుతున్నవాణ్ణి! బిడ్డ నా గడ్డం పట్టుకుని వదిలితే ఒట్టు.

బయటికొచ్చామో లేదో, "పదరా, రాజుగారికి కబురు చెప్పాలి" అన్నాడు పెద్దాయన. "వద్దయ్యా, ఆయన చూపు మంచిది కాదు. పసివాడయ్యా" అన్నాను. "నీకేం తెలుసు? నోర్మూసుకుని ఒంటెల సంగతి చూడు" అన్నాడు.

చూశాను. మర్నాడు మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. ముగ్గురూ గుడారంలో పడుకున్నారు, పెద్దాయన గుర్రు గుడారం దాటి వినపడుతోంది. నేను...

ఎవరికీ చెప్పనని మాటివ్వు. మీ అక్కకి అసలు చెప్పకు.

పెద్దాయన చెవి పక్కన కూర్చుని, ఖాళీ కుండలో మూతి పెట్టి, "రాజు దగ్గరికి వెళ్ళకూ... వేరే దారిన పో..." అన్నాను. చటుక్కున కుండ వెనక్కి పెట్టుకున్నాను.

ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు. "దేవదూత! కలలోకొచ్చి చెప్పాడు!" నడిపాయన కళ్ళు నులుముకుంటూ, ఎక్కడ తక్కువైపోతాడో అని, "నాకూ అదే కల" అన్నాడు. చిన్నాయన అసలు నిద్రే పోలేదే. నన్ను చూశాడు, నా వెనక కుండనీ చూశాడు. కాసేపు ఆలోచించి, "నాకూనండీ" అన్నాడు.

అలా కొండల చుట్టూ తిరిగొచ్చాం.

ఇప్పుడు పెద్దాయన ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు, ఆ దేవదూత గొంతు ఎంత కమ్మగా ఉందో అని. కమ్మగానట! మన పెళ్ళై పన్నెండేళ్ళు. నా గొంతు గురించి ఒక్కసారైనా, ఒక్క మంచి మాటైనా అన్నావుటే నువ్వు?