వదులు చేసిన పదకొండు డేరాలు

నా వయసు యాభై ఎనిమిది. పని డేరాలు కుట్టడం. నా పేరు మీరు పైన రాసుకున్నారు గానీ, ఆ పేరుతో పిలిస్తే నేనే పలకను. మైదానంలో అందరూ సూదమ్మ అంటారు. బయట బెంచీ మీద కూర్చున్నాయన నా భర్త. వయసు అరవై ఆరు, డేరాల మేస్త్రీ. ముప్పై నాలుగేళ్ళుగా నేను కుడుతున్నాను, ఆయన నిలబెడుతున్నాడు. నిన్న సాయంత్రం ఆరు గంటలకు ఇదే పోలీసు స్టేషన్ గదిలో, డేరాల తాళ్ళు వదులు చేసింది నేనేనని చెప్పాను. అది అబద్ధం. ఈ రోజు ఉదయం పది దాటి పది నిమిషాలకు, ఎవరి బలవంతమూ లేకుండా, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. అబద్ధమాడినందుకు మీరు ఏమన్నా పడతాను.

అది మూడు రోజుల పాటల పండుగ. వినడానికి వచ్చినవాళ్ళు మైదానంలోనే డేరాల్లో పడుకుంటారు. మేము నాలుగు రోజుల ముందే వెళ్ళాం. ఏర్పాట్లు చూసే అమ్మాయి, ఎండకు సిద్ధం చేయాలా వానకా అని అడిగింది. మా ఆయన రెండింటికీ, ఆ తర్వాత బురదకూ అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. ఎండ కోసం వరుసకో నీళ్ళ డ్రమ్ము పెట్టించి, పైకప్పుల మీద తడి గోనె పట్టాలు పరిచాం. వాన కోసం ప్రతి డేరా చుట్టూ జానెడు లోతు కాలువ తీశాం. బురద కోసం దారుల్లో రంపపు పొట్టు పోసి, గేటు దగ్గర చెక్క పలకలు పేర్చి ఉంచాం. పార పట్టి నేనూ తవ్వాను. నడుము ఇంకా నొప్పిగానే ఉంది, అది రాయక్కరలేదు.

తాళ్ళ సంగతి చెప్పాలి. పాత డేరాలకు నూలు తాళ్ళు. తడిస్తే బిగుసుకుంటాయి, మేకులు ఊడబెరుకుతాయి. అందుకని వాన పడేముందు కాస్త వదులు చేయాలి. తూర్పు వరుసలో పాతవాటి మధ్య నిలబెట్టిన కొత్త పదకొండు డేరాలకు నైలాన్ తాళ్ళు. అవి తడిస్తే సాగుతాయి, కాబట్టి ముందే బిగించాలి. పైన గోనె పట్టాలు కప్పాక పాత డేరా, కొత్త డేరా ఒకేలా ఉన్నాయి. మొదటిరోజు సాయంత్రం చిన్న జల్లు పడి, జనం తొక్కి, తాళ్ళన్నీ ఒకే బురద రంగుకు వచ్చాయి. ఇక తేడా చేతికి తెలియాల్సిందే. ఒకప్పుడు మా ఆయన కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

ఆయనకు చక్కెర జబ్బు. రెండేళ్ళుగా వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. ఒకరోజు నా సూది ఆయన బొటనవేలికి గుచ్చుకుని వేలాడుతుంటే చూసుకోకుండా అన్నం తింటున్నాడు. నేనే లాగేశాను. నా నోట్లో నువ్వు గింజ నానదని మా ఆడపడుచు అంటుంది, ఈ ఒక్క మాట మాత్రం రెండేళ్ళు నానింది. అప్పటి నుంచి కుట్లు చూస్తున్నానని చెప్పి ఆయన వెనకే తిరుగుతూ, ఆయన కట్టిన ముడులు చూసుకుంటున్నాను. అవసరమైతే మళ్ళీ కడుతున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం మూడూ ఇరవైకి గాలి మళ్ళింది. వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు గానీ, వాన రాకడ మా ఆయనకు తెలుసు. తాళ్ళు చూసొస్తానని తూర్పు వరుసకు వెళ్ళాడు. నేను వెంట బయలుదేరాను. గేటు దగ్గర ఒక పెద్దావిడ రెండు కాళ్ళూ బురదలో దిగబడి ఏడుస్తోంది. పలకలు వేసి, ఆవిడను లాగి, చెప్పులు వెతికి ఇచ్చేసరికి నాలుగయింది. నాలుగూ ఐదుకు వాన. నాలుగూ ఇరవైకి కొత్త డేరాల పైకప్పుల్లో నీళ్ళు నిలిచి, మూడు కూలిపోయాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. గిటారు వాయించే అమ్మాయి మోచేతికి దెబ్బ తగిలింది. కట్టు కట్టించేదాకా పక్కనే ఉన్నాను. ఆ పిల్ల తన చెయ్యి వదిలేసి, తడిసిన నా తల తుడిచింది.

ఎవరో కావాలనే వదులు చేశారని ఏర్పాట్ల అమ్మాయి మీకు ఫిర్యాదు ఇచ్చింది. నేనే చేశానన్నాను. ఎందుకంటే, ఆయన చేశాడని తెలిస్తే ఇక ఏ మైదానంలోనూ ఆయనను తాడు ముట్టనివ్వరు. తాడు ముట్టని రోజున ఆ మనిషి ఏమైపోతాడోనని నాకు భయం. ఇప్పటికీ భయమే.

ఈ ఉదయం తొమ్మిదిన్నరకు, బయట బెంచీ మీద, నోరు మూసుకుని కూర్చోమని ఆయనకు చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా అన్నాడు, "రెండేళ్ళుగా నా ముడులు నువ్వు మళ్ళీ కడుతున్నావని నాకు తెలుసే."

తెలిసి ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"నువ్వు వెనకే వస్తావు కదా అని ధైర్యం. నిన్న కూడా వస్తున్నావనే అనుకున్నా. తిరిగి చూసుకోలేదు."

అయ్యా, నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళు దొంగచాటుగా ముడులు విప్పి కట్టడానికి నేను పడ్డ పాట్లు దేవుడికెరుక.

కాబట్టి ఇలా రాయండి. తాళ్ళు వదులు చేసింది నా భర్త. కావాలని కాదు, నైలాన్ తాళ్ళను నూలు తాళ్ళనుకుని, డేరాలు కాపాడాలని. చూసి సరిచేయాల్సింది నేను, ఆ వేళకు చేరలేదు. ఆయన కట్టడం, నేను చూడడం, రెండూ కలిస్తేనే ఒక పని. తప్పూ ఒకటే, అందులో సగం నాది. ఆయనను మైదానానికి రావద్దంటే నన్ను కూడా రావద్దనండి. రమ్మంటే ఇద్దరం వస్తాం. ఈసారి పక్కపక్కనే నడుస్తాం, దాచుకోవడానికి ఇక ఏమీ లేదు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నా మాటలే, ఒక్కటీ మార్చనక్కరలేదు. నాకు తెలిసినంతవరకు ఇది నిజం.

(సంతకం)

నమోదు చేసిన అధికారి రాసినది: లోపలికి పిలిచి వాంగ్మూలం చదివి వినిపించిన తర్వాత భర్త, తాను కూడా ఒప్పుకుంటూ వేలిముద్ర వేస్తానని కోరాడు. తాళ్ళ పనికి బొటనవేలి గీతలు అరిగిపోవడం వల్ల ముద్ర మొదటిసారి పడలేదు. ఎంత ఒత్తాలో తనకు తెలియడం లేదని చెప్పాడు. రెండోసారి భార్య అతని వేలు పట్టుకుని ఒత్తించింది. ముద్ర పడింది.