బోర్లించిన బకెట్

ఆఁ, చదివినవ్, ఇన్న బిడ్డా. మీ తాత బాలనర్సింహ మీద పుస్తకం అచ్చేయిస్తున్నవ్, మంచిదే. రెండు మొదళ్లు రాస్కొచ్చి ఏది పెట్టాలె ఆగయ్య తాతా అంటున్నవ్. పుట్టిన తారీఖు పెట్టకు. అది రేషన్ కార్డుకాడ గుమాస్త రాసిన తారీఖు. "ఎన్నడు పుట్టినవయ్యా" అంటె మీ తాత "బర్రెలు ఈనే కాలంల సార్" అన్నడు. ఇగ గుమాస్త ఆయనకు తోచింది రాసిండు. నాకు గూడ గదే రాసిండు, కాయితంల మేమిద్దరం ఒక్కనాడే పుట్టినం. రెండోది బాగున్నది. మొఘల్‌పురాల ఇంటింటికి బర్రెను తోలుకపోవుడు, వాకిట్ల పిండే ముందు ఖాళీ బకెట్ బోర్లించి చూపిచ్చుడు. "బాలనర్సింహ కా దూధ్ హై, ఆంఖ్ బంద్ కర్‌కే లేలో" అనేటోళ్లు జనం, కండ్లు మూస్కొని తీస్కోవచ్చని. గదే పెట్టు. నువ్వు రాసిన ఆఖరు మాత్రం తీసెయ్. దవాఖాన, సెలైన్ సీసా, డాక్టర్ పెదవి విరుసుడు, అందరు గట్లనే పోతరు. గా పేజీల మీ తాత యాడున్నడు?

ఆఖరుకు ఏం పెట్టాలెనంటె... ఆగు, జెర నీళ్లియ్యి. మీ తాతకు మొదట్ల బకెట్ బోర్లించే అలవాటు లేదు. నేను గూడ పాలు పోసెటోన్నే గద, ఒకనాడు ఆయనకు జరమొస్తె ఆయన బర్రెను నేను తోలుకపోయిన. కొత్త చెయ్యికి అది చేపలే, పాలు సరిగ ఇడువలే. ఆఖరి ఇల్లు రుక్మాబాయిది. పాలు తక్కువ పడ్తయని ముందే బకెట్ అడుగున గ్లాసెడు నీళ్లు పోస్కున్న. నేను పోయినంక పాలు పల్చగున్నయని ఆమె పసిగట్టింది. తెల్లారి మీ తాతను వాకిట్ల నిలబెట్టి "నీ పాలల్ల నీళ్లేందయ్యా" అని గల్లీ అంత ఇనపడేటట్టు లొల్లి చేసింది. నేను గా గోడపొంటే నా బర్రెను పట్టుకొని నిలబడ్డ. బర్రె పలుపు సర్దుకున్న. ఆగయ్య పోసిండమ్మా అంటె అయిపోతుండె, ఆయన అనలే. నా దిక్కు సూడను గూడ సూడలే. "తప్పయింది తల్లీ" అని బకెట్ బోర్లించి చూపిచ్చిండు. గా దినంకెల్లి ప్రతి వాకిట్ల గంతే. నన్ను ఎన్నడు ఒక్క మాటనలే, నేనడగలే. ఆయన బోర్లించినప్పుడల్ల సిగ్గుతోని సచ్చిన బిడ్డా.

బకెట్‌తోని మొదలువెడితె, ఎందుకు బోర్లించిండని చదివెటోళ్లు అడుగుతరు. ఆఖరుకు గది చెప్పు. ఎవరో దోస్తు అని రాయకు, పేరు పెట్టు. ఏంది, ఫోన్ మీద వేలు ఆగింది? కొట్టు. ఆగయ్య అని. కొట్టినవా? ఏదీ, చదువు.